అక్క ఇచ్చిన మంచం

సమార్ దీవి తీరంలోని ఆ బడికి టీచరుగా వచ్చి దలిసాయ్‌కు ఇంకా నెల కాలేదు. పెద్ద టీచర్ రొసెండా ఆమెను తనింట్లోనే పెట్టుకుంది. వేడన్నంలో ఎండుచేప వేసి, దగ్గర కూర్చుని తినిపించేది. చెల్లీ అని తప్ప పేరుతో పిలిచేది కాదు.

ఆ మధ్యాహ్నం ముసురు పట్టింది. రేకుల మీద వాన సన్నగా గీరుతున్నట్టు చప్పుడు. మడ అడవి నుంచి కుళ్ళిన ఆకుల వాసన తరగతిలోకి వస్తోంది. రాసిన మాటల నుంచి రాయని సంగతి ఎలా పట్టుకోవాలో దలిసాయ్ మూడో తరగతి పిల్లలకు నేర్పుతోంది. తనకు ముందు ఇక్కడ పనిచేసి, ఒకరోజు చెప్పకుండా వెళ్ళిపోయిన నెనిటా టీచర్ పాఠాల పుస్తకం బీరువాలో దొరికింది. చేత్తో రాసుకున్నది. అందులోంచి ఒక పాఠం చదివింది.

"అక్క కిటికీ పక్కనున్న తన మంచం నాకిచ్చింది. తను వంటింట్లో నేల మీద పడుకుని, లోపల గడియ పెట్టుకుంటుంది. పొద్దున లేచేసరికి నా అరికాళ్ళకు బురద ఉంది."

అక్క మంచం ఎందుకిచ్చిందని కింద ప్రశ్న. మంచిది కాబట్టి అన్నారు పిల్లలు. అమిహాన్ అనే పిల్ల మాత్రం ఒప్పుకోలేదు.

"మంచిదైతే గడియెందుకు టీచర్? ఆ మంచమంటే ఆవిడకి భయం."

దలిసాయ్ వేలు ఆ వాక్యం మీదే ఆగిపోయింది. తను పడుకునేదీ కిటికీ పక్కన రొసెండా ఇచ్చిన ఆ మంచం మీదే. ఈ పొద్దున తనూ కాళ్ళు కడుక్కుంది... బురద ఎక్కడిదో ఆలోచించలేదు.

బడి వదలగానే ఇంటికి నడిచింది. రొసెండా బియ్యం ఏరుతోంది. పుస్తకం ఆమె ముందు పెట్టింది. రొసెండా చదివింది. తలెత్తలేదు.

"అడవిలోంచి ఏదో వస్తుంది. ఆ మంచం మీద ఎవరుంటే వాళ్ళని పిలుస్తుంది," అంది గొణుగుతూ. "మంచం ఖాళీగా ఉంటే... వంటింటి తలుపు దగ్గరికొస్తుంది."

"నన్ను చెల్లీ అన్నావు కదక్కా."

"నెనిటానీ అలాగే అన్నాను."

దలిసాయ్‌కు ఏడుపు రాలేదు. చీకటి పడకముందే ఆఖరి పడవ ఉంది. గదిలోకి వెళ్ళి బట్టలు సంచిలో కుక్కింది. దుప్పటి లాగింది. దిండు కింద మడిచిన కాగితం...

విప్పింది.

"నా ఇష్టంతోనే వెళ్తున్నాను. నన్ను వెతకొద్దు."

కింద రేపటి తేదీ.

చేతిరాత దలిసాయ్‌దే.