మూడో అంతస్తు వంటగది

ఖమ్మంలో మూతబడిన ఐదంతస్తుల ఆఫీసును ఆ ఏడే ఫ్లాట్లుగా మార్చి అమ్మారు. గోడకు రంగేస్తే ఆఫీసు ఇల్లయిపోతుందని బిల్డరు నమ్మకం. మూడో అంతస్తులో ఒకటి బాలకృష్ణ కొన్నాడు. గృహప్రవేశం నాడు పొద్దున్నే అతని భార్య పుష్ప వంటగదిలో కిరసనాయిలు స్టవ్వు పెట్టి, పాలగిన్నె అత్త బాలి చేతికిచ్చింది.

బాలి లోపల రెండడుగులు వేసి, మూలనున్న లావు పైపును చూసి ఆగిపోయింది.

"ఈడనా పాలు పొంగిచ్చేది? ఇది మొగోళ్ల లెట్రిన్ గాదె! పద్దెనిమిదేండ్లు నేనే కడిగిన."

బిల్డరు మనిషి శ్రీశైలం నవ్వాడు. "మొత్తం తవ్వి టైల్స్ ఏసినం పెద్దమ్మా. పైపులు ఈడనే ఉండె, కిచెన్ గూడ ఈడనే పెట్టినం."

"పైపుల ఖర్సు మీకు మిగిలింది, ఈ జాగ మాకు మిగిలింది. అమ్మేటప్పుడు చెప్పినవా?"

"ఎవరడిగిండ్రు?"

అడగనిది చెప్పకపోతే ఆ వ్యాపారంలో అబద్ధం కాదు మరి!

హాలు నిండా కొత్త ఇరుగుపొరుగు. బాలకృష్ణ తల్లిని పక్కకు లాగాడు.

"అమ్మా, మెల్లగ. నువ్వు ఈడ పనిజేసినవని ఎవ్వలకు తెల్వది."

"ఇంటికాడ యాడీ అంటవ్. ఈడ అమ్మనైననా? మన లంబాడి మాట గూడ సిగ్గేనా?"

"నా ఇజ్జత్ పోతది..."

"మోసం జేసినోని ఇజ్జత్ పోలే, కడిగినదాని కొడుకు ఇజ్జత్ పోయిందా? నన్ను దాసిపెట్టే ఇంట్ల నేనుండ. తండాకు పోత."

గిన్నె అతని చేతిలో పెట్టి బాలి గుమ్మం వైపు నడిచింది. యాసిడ్‌కు తెల్లబడిన ఆమె గోళ్లను అతను ఆ క్షణం చూశాడు. రోజూ ఎదురుగానే ఉన్నవి.

"అందరు వినుండ్రి!" అరిచాడు. "మా యాడి ఈ ఆఫీసుల లెట్రిన్లు కడిగింది. ఈ కిచెన్ మొగోళ్ల లెట్రినే, ఆమె చెప్పింది నిజం."

పక్క ఫ్లాటు నాంచారమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "మా వంటిల్లు గూడానా వదినా?"

"మీది ఆడోళ్లది," అంది బాలి వెనక్కి తిరిగి.

అందరూ ఒక్కసారిగా శ్రీశైలం మీద పడ్డారు. బాలకృష్ణ గిన్నె పుష్పకిచ్చి, వంటగదిలోంచి స్టవ్వు ఎత్తుకొచ్చి తల్లి ముందు నిలబడ్డాడు.

"మేనేజరు గది ఏదో చూపెట్టు. పాలు ఆడ పొంగియ్యి."

బాలి కళ్లు తుడుచుకుని పెద్ద పడకగది చూపించింది. పాలు పొంగి కొత్త టైల్స్ మీద కారాయి. అలవాటుగా ఆమె గుడ్డ అందుకుంది. కొడుకు ఆ గుడ్డ లాక్కుని మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"నువ్వు లే. నేను తుడుస్త."