మధ్యగదిలో అమ్మాయి

“నువ్వు వెళ్ళిపోతే ఇక మీ నాన్నకి ఎవరు చెప్తారే?!”

అటక మీంచి పెట్టె దించుతున్న కూతురి చేతులు ఆగిపోయాయి. తల్లి వంటింటి గుమ్మానికి చేరగిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఏడవడం సరే, ఆ ఏడుపు ముందుగదిలో ఉన్న భర్తకు మాత్రం వినపడకూడదు! ఇంత దుఃఖంలోనూ ఆ జాగ్రత్త మరిచిపోలేదు మహాతల్లి.

కూతురికి వేరే ఊరి ఆస్పత్రికి బదిలీ అయింది. ఉండడానికి గది కూడా వాళ్ళే ఇస్తున్నారు. ఇల్లు దాటి వారం రోజులైనా ఎక్కడా ఉండి ఎరగని పిల్ల, ఈ సాయంత్రం బస్సుకు బయలుదేరాలి. ఏ తల్లయినా “తిండి ఎలా తింటావో, ఒక్కదానివీ ఎలా ఉంటావో” అని ఏడుస్తుంది. ఈ తల్లి ఏడుపు వేరు. ఎందుకంటే ఈ ఇంట్లో భార్యాభర్తలు మాట్లాడుకోరు. నిన్నా మొన్నా సంగతి కాదు, పిల్ల మూడో తరగతి చదువుతున్నప్పటి నుంచీ!

ఆ ఏడు ఆ పిల్ల తమ్ముడికి, చంటివాడికి, జ్వరం వచ్చింది. వెంటనే ఆస్పత్రికి వెళ్దామని తల్లి, ఎండ తగ్గాక వెళ్దామని తండ్రి. ఎండ తగ్గేసరికి పిల్లవాడు లేడు. “మీరే చంపేశారు!” అని ఆమె గుండెలు బాదుకుంటూ అరిచింది. “వాడి ఒళ్ళు కాలిపోతుంటే పొద్దున్నించీ మిషను తొక్కుతూ కూర్చున్నదెవరు?” అన్నాడాయన. అంతే... కడుపుకోతను ఒకరి భుజం మీద ఒకరు తలపెట్టుకుని ఏడ్చి తీర్చుకోవలసిన వాళ్ళు, ఆ రెండు మాటలతో నోళ్ళు కట్టేసుకున్నారు. ఎంత మొండితనమో చూడండి! ఆమె వంటింట్లోనే కుట్టుమిషను వేసుకుని బడిపిల్లల చొక్కాలు కుట్టుకుంటుంది. ఆయన ప్రెస్సులో పుస్తకాలకు అట్టలు వేసి, చేతులకు జిగురు వాసనతో ఇంటికొచ్చి ముందుగదిలో కూర్చుంటాడు. మధ్యగది కూతురిది.

“తింటే తినమను, లేకపోతే మానమను” అని వంటింట్లోంచి. “నాకేం అక్కర్లేదని చెప్పు” అని ముందుగదిలోంచి. రెండు గుమ్మాల మధ్య తిరగడమే ఆ పిల్ల చిన్నతనమంతా. మేడమీది పిన్నిగారు ముద్దుగా “టపా” అని పేరు పెట్టింది. “ఏమే టపా, ఇవాళ ఉత్తరాలు బరువుగా ఉన్నాయా?” అనేది. అందరూ నవ్వేవాళ్ళు. వాళ్ళతోపాటు టపా కూడా నవ్వేది, పాపం.

అయితే పిన్నిగారికి కూడా తెలియని సంగతి ఒకటుంది. “తింటే తినమను” అన్న మాట మధ్యగది దాటేసరికి “నాన్నా, అమ్మ నిన్ను వేళకి తినమంది” అయ్యేది. “నాకేం అక్కర్లేదు” అన్నది “నిన్ను ముందు తినమన్నాడమ్మా, అలసిపోయి ఉంటావట” అయ్యేది. తొమ్మిదేళ్ళ పిల్లకి అంత తెలివి ఎలా వచ్చిందో! భయం నేర్పి ఉంటుంది. పెద్దయ్యాక అసలు మాట లేకపోయినా మాట పుట్టించడం అలవాటైపోయింది. “నీ మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగాడమ్మా.” “నీ దగ్గు తగ్గిందా అని అడిగింది నాన్నా.” వినగానే ఇద్దరి మొహాల్లోనూ కాస్త మెత్తదనం కనిపించేది. ఆ మెత్తదనం చూసుకుని ఆమె కడుపు నింపుకునేది.

కానీ మధ్యలో మాట అందించే మనిషి లేకుండా ఈ ఇద్దరినీ వదిలి వెళ్ళడమెలా? అందుకే ఇవాళ పొద్దున్నే గట్టిగా చెప్పేసింది. “ఇవాళ నేను అటు మాట ఇటు చెప్పను. రేపట్నుంచి ఎలాగూ ఉండను కదా! నేను గడప దాటేలోపు మీరిద్దరూ ఒక్క మాట... ఒకే ఒక్క మాట అనుకోండి. నేను నిశ్చింతగా వెళ్తాను.”

మధ్యాహ్నమైంది. వంటింట్లో వండినవన్నీ మూతల కింద చల్లారిపోతున్నాయి. ముందుగదిలో తండ్రి చదివిన పేపరే తిప్పి తిప్పి చదువుతున్నాడు. మధ్యగదిలో ఆమె బట్టలు మడతపెట్టి పెట్టెలో సర్దుతూ, చెవులు రెండు వైపులా పెట్టుకుని కూర్చుంది. తండ్రి దగ్గాడు. ఆమె మడత ఆపి అటు తిరిగింది... దగ్గు మాత్రమే. తల్లి గిన్నె చప్పుడు చేసింది. అదీ గిన్నె చప్పుడే! ఆకలికి ఇద్దరి ప్రాణాలూ పోతున్నాయి గానీ నోరు మాత్రం పెగలడం లేదు.

ఇక ఉండబట్టలేక వంటింట్లోకి వెళ్ళి తల్లి కాళ్ళ దగ్గర కూలబడింది. “అమ్మా, నీకు దణ్ణం పెడతాను... ‘భోజనానికి రండి’ అను చాలు. నీ సొమ్మేం పోతుందమ్మా?”

తల్లి కళ్ళు తుడుచుకుని, చిత్రంగా, సిగ్గుపడుతున్నట్టు నవ్వింది. “ఆయనే పిలుస్తాడులేవే. నిన్నటికి నిన్న నా మోకాలి సంగతి అడిగిన మనిషి! నామీద అంత ప్రేమ పెట్టుకుని, ఆ నాలుగు మాటలూ నాతోనే అంటే ఏం? ఇన్నేళ్ళూ నీతో చెప్పించినవాడు నాతో చెప్పలేడా? ఆయన నోటితో వినాలని ఉందే నాకు... అందుకే చూస్తున్నాను.”

ముందుగదిలో తండ్రి కూడా ఇదే అనుకుంటూ కూర్చున్నాడని కూతురికి అప్పుడు అర్థమైంది. ‘ఇంత ఆపేక్ష ఉన్నది, తనే పిలుస్తుందిలే’ అని! మంచి జరగాలని తను పోసిన ప్రతి తియ్యని మాటా ఈ ఇద్దరినీ ఇలా ఎదురుచూపుల్లో కూర్చోబెట్టింది. తను వెళ్ళిపోయాక కూడా కూర్చునే ఉంటారు... రేపూ, ఎల్లుండీ, అన్నాలు చల్లారబెట్టుకుంటూ.

“ఆయన అడగలేదమ్మా!” ఏడుపు తన్నుకొచ్చింది. “నీ మోకాలి సంగతి ఒక్కసారి కూడా అడగలేదు. నువ్వూ ఆయన దగ్గు సంగతి అడగలేదు. అన్నీ నేనే... నేనే కల్పించి చెప్పానమ్మా. మీరిద్దరూ ఎక్కడ విడిపోతారోనని భయమేసి, చిన్నప్పట్నుంచీ అంతా నేనే...”

ఏళ్ళ తరబడి దాచుకున్నవన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటున్నట్టు తల్లి పెదాలు కదిలాయి. “అయితే... నేను జ్వరంతో పడుకున్నప్పుడు, గుమ్మం దాకా వచ్చి చూసి వెళ్ళాడన్నావు...”

“రాలేదమ్మా...”

మధ్యగది గుమ్మంలో అలికిడైంది. తండ్రి! ఎన్నో ఏళ్ళుగా దాటని గుమ్మం దాటి వచ్చి నిలబడ్డాడు. కూతురి వైపు చూడలేదు. భార్య మొహంలోకి చూశాడు.

“అది చెప్పింది నిజమే. నేను రాలేదు.”

అన్నేళ్ళ తరవాత ఆయన ఆమెతో అన్న మొదటి మాట అది!

“నా దగ్గు గురించి నువ్వూ అడగలేదన్నమాట.”

“లేదు” అంది ఆమె. “నేను అడగలేదండీ.”

ఎవరూ ఎవరినీ తిట్టలేదు. తిడితే బాగుండునని కూతురు అనుకుంది. ఆయన పీట లాక్కుని కూర్చున్నాడు. ఆమె చల్లారిన అన్నం వడ్డించింది. ముక్కూ మొహం తెలియని వాళ్ళిద్దరు ఒక పంక్తిలో కూర్చున్నట్టు తలలు వంచుకుని తిన్నారు. కోరుకున్నది జరిగింది కదా, సంతోషించవే పిచ్చిదానా! కానీ ఆమెకు తన చేతులతో ఏదో పాడు చేసినట్టే ఉంది.

“నేను వెళ్ళనమ్మా. రానని చెప్పేస్తాను. ఇక్కడే ఉండిపోతాను” అంది తల్లి చేతులు పట్టుకుని.

తల్లి మెల్లగా చేతులు విడిపించుకుంది. కోపం లేదు, ప్రేమ కూడా తెలియడం లేదు ఆ స్వరంలో. “ఉండి ఏం చేస్తావే? మోయడానికి నీకింకేం మిగిలిందని? వెళ్ళు... బస్సు తప్పిపోతుంది.”

వీధి గుమ్మం దాకా ఆమె రాలేదు. వెనక కుట్టుమిషను చప్పుడు మొదలైంది.

పెట్టె తండ్రి భుజాన వేసుకున్నాడు. సందు మలుపు దాకా, బజారు దాకా, బస్టాపు దాకా ఒకరి వెనక ఒకరు నడిచారు. బస్సు వచ్చింది. ఆయన పెట్టె లోపల పెట్టి, దిగి, కిటికీ కింద నిలబడ్డాడు. ఏదో అనాలని ఉంది ఆయనకి, పెదాలు కదులుతున్నాయి. ఇంతకాలమూ కూతురితో మాట్లాడిన ప్రతి మాటా ఇంకొకరి కోసమే. సొంతంగా కూతురితో ఏం మాట్లాడాలో పాపం ఆయనకి తెలియదు.

చివరికి కిటికీ ఊచ పట్టుకున్నాడు. “ఆస్పత్రిలో నువ్వు చేసే పని ఏమిటమ్మా?”

ఆమె నివ్వెరపోయి చూసింది.

“రక్తం పరీక్ష చేస్తాను నాన్నా...”

“ఎన్నాళ్ళ నుంచి?”

“నాలుగేళ్ళ నుంచి.”

ఆయన తల దించుకున్నాడు. బస్సు కదిలింది.