విన్నాను, కార్డు పంపగలరు

దేశ భద్రతకు ముప్పు తెచ్చిన మనిషి ఫొటోను చీఫ్ టేబుల్ మీద ముందుకు తోశాడు. ఏజెంట్ ప్రేమ్ సాగర్ అందుకున్నాడు. అరవై రెండేళ్ల ఆవిడ. తెల్ల చీర, మందపాటి కళ్లద్దాలు, మెడలో చిన్న సిలువ.

“కృపమ్మ. రిటైర్డ్ సైన్స్ టీచర్. ఊరు ఆళ్లగడ్డ.”

“ఏం చేసింది సార్?”

“వింటోంది.”

1998 ఏప్రిల్ ఆరు, సోమవారం. బయట హైదరాబాద్ ఎండకు మాడిపోతోంది. లోపల ఏసీ గదిలో చీఫ్ ముక్తసరిగా బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. రాకెట్ ఇంజన్ డిజైన్ మైక్రోఫిల్మ్ పోయి ఐదు వారాలైంది. ఎత్తుకుపోయింది విదేశీ ముఠా. వాళ్ల ముసుగు ‘నీలమేఘ ఏరియల్ స్ప్రేయర్స్’ అనే కంపెనీ. పైకి పత్తి చేలకు విమానంతో మందు కొట్టే వ్యాపారం. ఆ కంపెనీలో మన డబుల్ ఏజెంట్ మంజుల ఉంది. ముఠావాళ్లు ఆమెను తమ మనిషే అనుకుంటున్నారు.

“ఫిల్మ్ ఈ వారం మద్రాసు రేవు నుంచి ఓడలో దాటిపోతుందని మంజుల కబురు. అందర్నీ మద్రాసు పంపేశాను.”

“మరి నన్ను?”

“నువ్వు ఆళ్లగడ్డ. ఈవిడ ఇంట్లో రేడియో కట్టుకుని పైలట్ల మాటలు వింటోంది. నీలమేఘకు ఉత్తరం కూడా రాసింది. ముఠా బెదిరిపోతుందని మంజుల గోల. వెళ్లి సెట్ సీజ్ చేసుకురా.”

“కంపెనీ విమానం ఎక్కడుంది?”

“మార్చి ఒకటి నుంచి ఇంజన్ విప్పి హ్యాంగర్‌లో పడుంది. మంజుల కళ్లారా చూసింది. రాడార్‌లో కూడా ఏమీ లేదు. మంజుల ఎదురైతే ‘శనగలు ఎండాయా?’ అను. ‘ఇంకా నాలుగు ఎండలు కావాలి’ అంటే అంతా క్షేమం.”

మూడు దేశాల్లో నాలుగు మారుపేర్లతో బతికొచ్చినవాడు ప్రేమ్ సాగర్. తోటివాళ్లందరూ మద్రాసులో ముఠాను పట్టుకుంటుంటే తను పోయి పంతులమ్మ రేడియో లాక్కోవాలి! ఒళ్లు మండిపోయింది. అయినా ఆర్డర్ ఆర్డరే.

మర్నాడు మధ్యాహ్నం మూడున్నరకు ఆళ్లగడ్డలో కృపమ్మ గడపలో నిలబడ్డాడు. చంకలో రిజిస్టరు, చెవి మీద పెన్ను, బెల్టు బకిల్‌లో కెమెరా.

“ఓటర్ల లిస్టు అమ్మా. ఇంట్లో ఎంతమంది?”

ఆవిడ అతన్ని పైనుంచి కిందికి చూసింది. “ఓటర్ల లిస్టు రాసేది మా బళ్లో అయివార్లే అప్పా. వాళ్లందరూ నాకు తెలుసు. నువ్వెవరు?”

మూడు దేశాల పోలీసులకు చిక్కనివాడు మూడు ముక్కల్లో దొరికిపోయాడు. చేసేదేముంది, జేబులోంచి ఐడీ కార్డు తీశాడు.

“సెట్ సీజ్ చెయ్యడానికి వచ్చాను.”

“చేస్తువులే. ముందు నీళ్లు తాగు. ఎండన పడి వచ్చినావు.”

మిద్దె మీద గదిలో ఉంది సెట్. పాత రేడియో పొట్ట విప్పి, విమానాలు మాట్లాడుకునే బ్యాండుకు ఆవిడ సొంతంగా మార్చుకుంది. బయట గుంజకు అల్యూమినియం గొట్టాల యాంటెన్నా. దాని అడుగున సైకిల్ చక్రం, చక్రం చుట్టూ తెల్ల పెయింట్‌తో డిగ్రీలు. ఏ దిక్కుకు తిప్పినప్పుడు మాట గట్టిగా వినిపిస్తే, విమానం ఆ దిక్కున ఉన్నట్టు. పనితనం చూసి ప్రేమ్ సాగర్‌కు ముచ్చటేసింది, కానీ బయటపడలేదు.

“దీనికి లైసెన్స్ ఉందా?”

“ఏందీ, వినేదానికా? ఆ మాట నేను పిలిస్తే రాలేదప్పా. అదే వచ్చి నా మిద్దె మీద పడింది, విన్నా. అది తప్పంటే సెట్టెందుకు, నా చెవులు కోసకపో!”

ఆవిడ గొంతు పెద్దదేమీ కాదు. కానీ ముప్పై ఏళ్లు క్లాసులను నోరెత్తనివ్వని గొంతు. ప్రేమ్ సాగర్ తనకు తెలియకుండానే చేతులు కట్టుకున్నాడు.

“ఏం విన్నారు టీచర్?”

“మూడు మంగళవారాలుగా సాయంత్రం ఐదుకు ఒక చిన్న విమానం వస్తాంది. పేరు నీలమేఘ. పైలట్ ఎవరో పరాయి దేశపు దొర. ఊరికే దిగుతాడు, లేస్తాడు, పోతాడు. మందు కొట్టేవాళ్లు పొద్దున కొడతారు గానీ సందకాడ కొడతారా?”

“ఆ విమానం మార్చి ఒకటి నుంచి హ్యాంగర్‌లో ఉంది.”

కృపమ్మ నోట్‌బుక్ తెరిచి ఒక పోస్టుకార్డు చేతిలో పెట్టింది. దూరాన ఉన్న స్టేషన్‌ను విన్నవాళ్లు ‘ఫలానా రోజు, ఫలానా టైముకు మిమ్మల్ని విన్నాను’ అని ఉత్తరం రాస్తారు. నిజమైతే ఆ స్టేషన్‌వాళ్లు ఒప్పుకుంటూ కార్డు పంపుతారు. ఇది ప్రపంచమంతటా రేడియో పిచ్చివాళ్లు పాటించే ఆనవాయితీ. ఆవిడ బీరువా నిండా అలాంటి కార్డులే.

ఈ కార్డు మీద ఇంగ్లీషులో ఇలా ఉంది: ‘మార్చి 24, సాయంత్రం 5.02. మీరు విన్నది నిజం. మీ చెవులకు నా సలాం. కెప్టెన్ హ్యూగో, నీలమేఘ.’ కింద సంతకం.

“ఇతను కూడా...”

“మావాడే. కుర్రతనం నుంచి వింటాండాడంట, వెనకపక్క రాసినాడు చూడు. ఉత్తరం వస్తే కార్డు పంపకుండా ఉండలేడు పాపం.”

ముఠా పైలట్ ముఠాకు తెలియకుండా మర్యాద పాటించాడు. ఆ తర్వాత కృపమ్మ ఉత్తరం మంజుల కంటబడి ఉంటుంది. అందుకే ఈ సీజ్! మార్చి 24న విమానం ఎగిరిందంటే మంజుల అబద్ధం చెప్పింది. హ్యాంగర్ అబద్ధం, మద్రాసు ఓడ అబద్ధం. మన డబుల్ ఏజెంట్ నిజానికి వాళ్ల మనిషే.

ప్రేమ్ సాగర్ ఆ గదిలోని ఫోన్ అందుకుని చీఫ్‌కు గడగడా చెప్పాడు.

“ముసలావిడ కార్డు చూసి మంజులను అనుమానిస్తావా? రాడార్‌లో లేదంటే లేదు!”

“కొండల చాటున కిందగా ఎగిరితే రాడార్‌కు చిక్కదు సార్.”

“సెట్ తీసుకుని రా. ఇది ఆర్డర్.”

ఇంతలో సెట్ గరగరలాడింది. ఇంగ్లీషు మాట, పరాయి యాస: “నీలమేఘ. నలభై నిమిషాల్లో దిగుతున్నా. ఇదే ఆఖరు ట్రిప్. సరుకు సిద్ధంగా ఉంచండి.”

టైము నాలుగూ ఇరవై. ఫిల్మ్ చెయ్యి దాటిపోవడానికి ఇంకో గంట కూడా లేదు.

“సారీ సార్, మీ మాట సరిగ్గా వినపడటం లేదు,” అని ప్రేమ్ సాగర్ ఫోన్ పెట్టేశాడు. ఉద్యోగంలో చేరాక ఆర్డర్ కాదనడం అదే మొదలు. అయినా హాయిగానే ఉంది.

వెంటనే ఫోన్ మోగింది. నంద్యాలలో టీవీ రిపేర్ షాపు సుబ్బరాయుడు. అతనిదీ ఇదే పిచ్చి.

“అక్కా, వింటాండావా? వచ్చినాడు!”

“విన్నాలేప్పా. నువ్వు సెట్ కాడ్నుంచి లేయొద్దు.”

గోడ మీద జిల్లా మ్యాపు. ఆళ్లగడ్డ నుంచి మూడు పెన్సిల్ గీతలు, నలభై డిగ్రీల దిక్కుకు. నంద్యాల నుంచి మూడు, నూట నలభై ఐదుకు. గడిచిన మూడు మంగళవారాలు విమానం దిగేముందు ఇద్దరూ చెరో చక్రం తిప్పి పట్టినవి. ఆరు గీతలూ రుద్రవరం అవతల, నల్లమల కింద ఎండిపోయిన కుంట మీద కలుస్తున్నాయి.

“నేను పోతున్నా టీచర్. మీరిక్కడే...”

అప్పటికే ఆవిడ చెప్పులేసుకుంది. “నీ జీపులో వైర్‌లెస్ ఉంది కదా. వాని ఫ్రీక్వెన్సీ నీకు తెలుసా? తెలీదు. పద.”

రుద్రవరం రోడ్డు మీద జీపు ఎగిరెగిరి పడింది. ఆవిడ ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో వైర్‌లెస్ తిప్పుతూనే ఉంది. నాలుగూ యాభై ఆరుకు కుంట గట్టు ఎక్కారు. విమానం అనుకున్నదానికంటే ముందే దిగేసింది! రెక్కల కింద మంజుల నిలబడి ఉంది. ఎర్ర సిల్కు చీర, నల్లద్దాలు, పెదవులకు లిప్‌స్టిక్. జీపును చూడగానే విమానంలోకి దూకింది. ప్రొపెల్లర్ తిరిగింది. ఎదురుగా ఆరొందల గజాల చదును నేల, ఆ తర్వాత ఆకాశం.

ప్రేమ్ సాగర్ గట్టు దిగి జీపును విమానానికి ఎదురుగా నడిపించి, నట్టనడుమ ఆపేశాడు.

“దిగండి టీచర్!”

“నేను దిగను. వాన్నే దిగమను.”

విమానం పరుగందుకుంది. పక్కకు తిప్పితే జీపును తప్పించుకుని లేచిపోగలదు. కృపమ్మ మైకు బటన్ నొక్కింది. పుట్టి బుద్ధెరిగాక వినడమే తప్ప ఆవిడ గాలిలో మాట్లాడింది లేదు.

“కెప్టెన్ హ్యూగో, ఆళ్లగడ్డ కృపమ్మను,” అంది క్లాసు ఇంగ్లీషులో. “నీ కార్డు భద్రంగా అందింది. సంతకం, తేదీ అన్నీ బాగున్నాయి. ఇప్పుడది మా సర్కారు చేతిలో ఉంది. ఇంక ఏ దేశంలో దిగినా నీ పేరు దాచుకోలేవు నాయనా. ఆపు.”

రెండొందల గజాలు. నూరు. యాభై.

ఇంజన్ శబ్దం పడిపోయింది. దుమ్ము లేపుకుంటూ వచ్చి విమానం జీపు బంపరుకు బారెడు దూరంలో ఆగింది. కెప్టెన్ హ్యూగో రెండు చేతులూ పైకెత్తి దిగాడు. దిగీ దిగగానే జీపు వైపు తిరిగి, అంత కష్టంలోనూ, కృపమ్మకు సెల్యూట్ కొట్టాడు.

రెండో తలుపులోంచి దూకి పారిపోతున్న మంజుల చెయ్యి పట్టుకున్నాడు ప్రేమ్ సాగర్. ఆమె పిస్తోలు దుమ్ములో పడింది.

“శనగలు ఎండాయా మంజులా?”

మైక్రోఫిల్మ్ ఆమె లిప్‌స్టిక్ డబ్బాలో దొరికింది.

పదిరోజుల తర్వాత చీఫ్ పిలిచాడు. శభాష్ అనలేదు. అలవాటు లేదు.

“ఆ సెట్ సీజ్ చేశావా?”

“లేదు సార్. చెయ్యను కూడా. రాడార్ వినని మాట విన్న సెట్ అది.”

చీఫ్ సొరుగులోంచి ఒక ఇన్లాండ్ లెటర్ తీసి టేబుల్ మీద పెట్టాడు. గుండ్రటి టీచర్ చేతిరాత.

‘అయ్యా, 7-4-98 సాయంత్రం 4.58కి మీ జీపు వైర్‌లెస్ నంద్యాలలో టి.వి. సుబ్బరాయుడుకు స్పష్టంగా వినిపించింది. ఆనవాయితీ ప్రకారం అతనికి కార్డు పంపగలరు. ఇట్లు, కృపమ్మ.’

“మన అడ్రస్ ఈవిడకెలా తెలిసింది?”

“నేనే ఇచ్చాను సార్.”

“కార్డు పంపితే మన సంస్థ ఉన్నట్టు మనమే ఒప్పుకున్నట్టు కదయ్యా!” చీఫ్ తల పట్టుకున్నాడు. “పంపకపోతే?”

“ఇంకో ఉత్తరం రాస్తుంది. ఆవిడ ఊరుకునే రకం కాదు.”

చీఫ్ కిటికీలోంచి ఆకాశం వైపు చూశాడు, అక్కడ కూడా ఎవరో వింటున్నట్టు.

“కార్డు మీద ఏం బొమ్మ వేయిద్దాం సార్?” అన్నాడు ప్రేమ్ సాగర్.