డిస్క్ వెనక రేకు

"కొత్త బ్రేకులు వేయించుకుంటే కారు ఏడుస్తోందేంటండీ?" అంటూ టీచరు షెడ్డులోకి వచ్చింది. ముందు చక్రాలకి ఇక్కడే బ్రేకు ప్యాడ్లు మార్పించుకుని నాలుగు రోజులు కూడా కాలేదు.

"ఏడుపా, కూతా, గీకుడా? సరిగ్గా చెప్పండి," అన్నాడు మెకానిక్.

"అదే తెలిస్తే మీ దగ్గరికెందుకొస్తాను? నేనే షెడ్డు పెట్టుకునేదాన్ని."

బానెట్ ఎత్తకుండానే జబ్బు చెప్పేస్తాడని అతన్ని అందరూ పాముచెవులు అంటారు. ఆమె నడుపుతుంటే పక్క సీట్లో కూర్చుని, తల బయటపెట్టి విన్నాడు. బ్రేకు నొక్కినా నొక్కకపోయినా కిర్రుమంటూనే ఉంది. అంటే తప్పు ప్యాడ్లది కాదు. చక్రంతో పాటు తిరిగే బ్రేకు డిస్క్ వెనకాల ఉండే పల్చటి రేకు, తను బిగించేటప్పుడే వంగినట్టుంది, డిస్క్‌కి రాసుకుంటోంది. ప్రమాదమేమీ లేదు. స్క్రూడ్రైవర్‌తో కాస్త వెనక్కి వంచితే చాలు, రెండు నిమిషాల పని.

చెబుదామని తల లోపలికి తీసుకున్నాడు. వాన తుంపర మొదలైంది. ఆమె కారు పక్కకి ఆపి, వైపర్ వేయడం కూడా మరచిపోయి అతని మొహంలోకే చూస్తోంది.

"కొత్త ప్యాడ్లు కదండీ, సర్దుకోవాలి," అన్నాడు. "వచ్చే శనివారం ఒకసారి తీసుకురండి."

వచ్చింది. ఆ పై శనివారమూ వచ్చింది.

"ఒకటో తరగతి పిల్లలే వారంలో సర్దుకుంటారండీ. మీ ప్యాడ్లు మరీ మొండివి."

"వాళ్ళకి మీరు దొరికారు. వీటికి నేను దొరికాను."

ఆమె పకపకా నవ్వేది. వెళ్ళేముందు మాత్రం, "ఇంతకీ బ్రేకు పడుతుందా, పడదా?" అని అడిగేది. "చూద్దాం లెండి," అనేవాడు. పడుతుందంటే ఇక రాదేమోనని అతని భయం. తప్పు చేస్తున్నానని అనిపించలేదా అంటే అనిపించింది. శనివారం దగ్గరపడేకొద్దీ తగ్గిపోయేది, అంతే.

ఐదో శనివారం ఆమె రాలేదు. మంగళవారం వచ్చింది. మొహంలో నవ్వు లేదు.

"మా వీధి చివర షెడ్డులో చూపించాను. రేకు వంగిందట. నా కళ్ళముందే రెండు నిమిషాల్లో సరిచేశాడు. మీకు ముందే తెలుసా?"

ఇంకో అబద్ధానికి నోరు రాలేదు. "తెలుసు. మొదటిరోజే."

"మరి?"

"మిమ్మల్ని మళ్ళీ చూడాలని. మీరంటే నాకు ఇష్టమండీ."

నెలరోజులుగా గొంతులో తిరుగుతున్న మాట, బయటపడక బయటపడక ఇప్పుడు బయటపడింది.

"నాకూ ఇష్టమే," అంది ఆమె. అతనికి సంతోషించే వ్యవధి కూడా దొరకలేదు. "నాన్నకి చెప్పాను కూడా. కానీ ఆ కారులో ఆయన్ని ఎక్కించాలంటే భయమేసి, నెల నుంచీ ఫిజియోథెరపీకి బస్సులో తీసుకెళ్తున్నాను. పోయిన గురువారం బస్సు దిగుతూ పడ్డారు. కాలు విరిగింది."

అతను చేతిలోని స్పానర్ కింద పెట్టేశాడు.

"నాలుగుసార్లు అడిగాను. ఒక్కసారి బ్రేకు పడుతుందని చెప్పి ఉంటే సరిపోయేది. ఈ సంగతి నాన్నకి నేను చెప్పలేను. మీరే వచ్చి చెప్పండి."

ఆదివారం వెళ్ళాడు. రెండుసార్లు వీధి మలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగి, మూడోసారి తలుపు తట్టాడు. ఆమె తండ్రి కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వేనా బాబూ! రా, రా, ఇలా దగ్గర కూర్చో. మా అమ్మాయి నెల నుంచీ నీ కబుర్లే. మెకానిక్ అల్లుడొస్తే నాకిక కారు గురించి బెంగే ఉండదన్నాను."

అతను కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. రేకు సంగతి, రెండు నిమిషాల సంగతి, శనివారాల సంగతి, ఏదీ దాచలేదు. టీచరు కిటికీ వైపు తిరిగి నిలబడింది.

పెద్దాయన చాలాసేపు తన కాలి వైపే చూశాడు.

"అంటే, కారు బాగానే ఉందన్నమాట."

"బాగానే ఉందండి."

"మా అమ్మాయి భయపడుతోందని నీకు తెలియలేదా?"

"నవ్వుతూ అడిగేవారండి. సరదాకనుకున్నాను."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండునని అతను మనసులో అనుకున్నాడు. పెద్దాయన కూతురి వైపు తిరిగాడు.

"ఆయనకి మంచినీళ్ళు ఇవ్వమ్మా," అన్నాడు. "వెళ్తారు."