నానమ్మ వెనక్కి తిరగలేదు

"నా వల్ల కాదు! ఆ పిల్లని పెట్టుకుని సాయంత్రం దాకా ఒక్కదాన్నీ ఉండటం నా వల్ల కాదంటే కాదు!"

అత్తగారు తింటున్న కంచం సింకులో పడేసి తన గదిలోకి వెళ్ళిపోయింది. కోడలు ఆ కంచం తీసి కడగసాగింది. సొంత మనవరాలు...! అంత బరువైపోయిందా?

సోమవారం ఆమె మళ్ళీ డ్యూటీలో చేరాలి. ఆసుపత్రిలో ఆపరేషన్ కత్తెరలూ కత్తులూ కడిగి, ఆవిరి యంత్రంలో పెట్టి, మూటలు కట్టి పంపే పని ఆమెది. మరి మూడేళ్ళ పిల్లని ఎక్కడ వదలాలి? ఆసుపత్రి పక్కనే డేకేర్ ఉంది, సాయంత్రం దాకా చూసుకుంటారు. వీధి చివర తోటబడి ఉంది. అక్కడ గోడల్లేవు, బల్లల్లేవు, చెట్ల కిందే ఆటాపాటా. కానీ మధ్యాహ్నానికే మూసేస్తారు! రెండుచోట్లా ఒక్కోరోజు పంపి చూశారు. డేకేర్ వాళ్ళు మంచివాళ్ళే, పాపం. అయినా ఇల్లంతా 'పిడుగు' అని పిలుచుకునే ఆ పిల్ల అక్కణ్ణుంచి నలగని గౌనుతో, ఉలుకూ పలుకూ లేకుండా వచ్చింది. తోటబడి నుంచి మాత్రం చెవుల దాకా బురదతో వచ్చి, నత్త తన ఇల్లు తనే మోసుకు తిరుగుతుందని నిద్రపోయేదాకా చెబుతూనే ఉంది! ఇంట్లో లక్షణంగా తిరిగే మనిషి ఉండి కూడా కాదంటే, మీరే చెప్పండి, ఏ తల్లి కడుపు రగిలిపోదు?

"ఉద్యోగం మానేస్తానండీ," అంది భర్తతో, కళ్ళు తుడుచుకుంటూ. "నేను కట్టిన మూట విప్పే ఎవరికో ప్రాణం పోస్తారు... ఆ పని వదులుకోవాలంటే గుండె తరుక్కుపోతోంది. కానీ ఏం చేయను?"

సిటీ బస్సు డ్రైవరు అతను. ఇంట్లో మాత్రం హారన్ కూడా కొట్టడు. "తొందరపడకు. అమ్మది వెన్నలాంటి మనసు..."

"వెన్నేలెండి! ఫ్రిజ్‌లో పెట్టి ఎన్నాళ్ళైందో!"

ఎలాగూ ఉద్యోగం మానేసి ఇంట్లోనే ఉంటాను కదా అని శనివారం కోడలు పిల్లని చేర్పించడానికి తోటబడికి వెళ్ళింది. పిడుగు వేలు పట్టుకు లాగితే అత్తగారూ వచ్చింది. కోడలు టీచరుతో మాట్లాడుతుంటే, అత్తగారు ఒక దుంగమీద కూర్చుని చీమల బారు చూస్తోంది. సరిగ్గా ఆమె వెనకే, చేయి చాస్తే అందేంత దూరంలో, పిడుగు బురదలో జారి పడింది.

"నానమ్మా! నానమ్మా!"

టీచరు తిరిగింది. పిల్లలు తిరిగారు. అత్తగారు మాత్రం చీమల్ని చూసి నవ్వుకుంటూనే ఉంది!

కోడలు ఒక్క ఉదుటున వచ్చి పిల్లని ఎత్తుకుంది. 'ఇంత రాతిగుండా!' అని అరవబోయి... ఆగిపోయింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా రాని మనిషి... వీధి చివరికి వినిపించే టీవీ... ముఖాముఖి అడిగితే తప్ప రాని జవాబు... అదంతా పొగరనుకుంది తను!

ఎదురుగా వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. "అత్తయ్యా... మీకు వినిపించలేదు కదూ?"

అత్తగారి ముఖం పాలిపోయింది. "ఎడమ చెవి ఎప్పుడో పోయిందమ్మా... కుడిదీ పోతోంది. మొన్న నువ్వు బజారుకెళ్ళినప్పుడు స్నానాలగది తలుపు బిగుసుకుపోయి పిల్ల లోపలే ఉండిపోయింది. నేను వంటింట్లో కూనిరాగం తీస్తూ కూర తరుగుతున్నాను! వెళ్ళి చూద్దును కదా, తలుపు కింద చిన్నారి వేళ్ళు... ఎంతసేపు ఏడ్చిందో! ఇక దీన్ని ఒంటరిగా నా దగ్గర ఉంచుకోకూడదని ఆరోజే ఒట్టు పెట్టుకున్నాను."

"నాకొక్క మాట చెప్పొచ్చు కదా అత్తయ్యా!"

"గయ్యాళి అనిపించుకుని బతకొచ్చు తల్లీ... పనికిరానిదాన్ననిపించుకుని ఎలా బతకను?"

కోడలు బురద పిల్లతో సహా ఆమెను వాటేసుకుంది. ఇద్దరి చీరలూ పాడయ్యాయి, ఎవరికీ పట్టలేదు. "మీరు పనికిరానివారా? దాని ప్రాణం కోసం నా దగ్గర చెడ్డపేరు తెచ్చుకున్నారు!"

ఆసుపత్రిలోని చెవి డాక్టరమ్మకు చూపించారు. చెవి మిషను వచ్చేదాకా భర్త తెల్లవారుజాము డ్యూటీకి మారి, మధ్యాహ్నాలు పిల్లని తనే చూసుకున్నాడు. కోడలు ఉద్యోగం వదలలేదు, పిడుగు తోటబడి వదలలేదు.

అత్తగారు మనవరాలితో మొదటిసారి ఒంటరిగా ఉన్న మధ్యాహ్నం, ఆవిరి గదిలో కోడలికి చేతులాడలేదు. ఫోన్ మోగింది. తడి చేతులతోనే అందుకుంది!

"ఏమైంది అత్తయ్యా?"

"ఏమవుతుంది, నా తలకాయ! నీ కూతురి నోరు క్షణం మూతపడదా? ఒకటే నత్తల పురాణం! ఇన్నాళ్ళూ ఎంత సుఖపడ్డానో ఇప్పుడు తెలుస్తోందమ్మాయ్!"

కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అంతలో ఎక్కడో దూరంగా, పెరటి వైపు నుంచి కాబోలు, సన్నగా ఒక పిలుపు...

"ఉండమ్మాయ్, మళ్ళీ మాట్లాడతా," అంది అత్తగారు హడావిడిగా. "అది పిలుస్తోంది!"