దర్జీ ఎంచుకున్న రైఫిల్

పట్టపగలు, పిల్లలు ఉయ్యాలలూగుతున్న పార్కులో అన్నయ్య చనిపోయాడు. చేతిలో పేపరు అలాగే ఉంది. తల మాత్రం పక్కకి వాలింది. పక్క బెంచీ మీద కూర్చున్న పెద్దమనిషికి చిన్న చప్పుడైనా వినబడలేదు. అందరూ గుండెపోటన్నారు. కాలరు వెనక చర్మం కింద చిన్న సీసపు పెల్లెట్ దొరికాక గానీ హత్య అని తేలలేదు. గాయం చిన్నదే. పెల్లెట్‌కి పూసిన విషం మాత్రం సామాన్యమైనది కాదు.

డిపార్ట్‌మెంటులో అన్నదమ్ములిద్దరూ ఏజెంట్లే. కోడ్ నేములు కూడా అవే: అన్న, తమ్ముడు. అన్న పోయాక తమ్ముడు సెలవు పెట్టలేదు, ఎవరి ముందూ ఏడవలేదు. పళ్ళబిగువున పని చేసుకుపోయాడు. కొన్ని నెలలకి చీఫ్ కబురు పెట్టాడు.

"కూర్చో. వాడు వచ్చాడు."

అన్నని చంపినవాడేనని తమ్ముడికి తెలిసిపోయింది.

"అసలు పేరు తెలీదు. కిరాయి హంతకుల గుంపులో దర్జీ అంటారు. కొలతలు తియ్యందే పనిలో దిగడు. సరిహద్దు దాటేటప్పుడు చేతులూపుకుంటూ వస్తాడు. ఏ ఊళ్ళో పనుంటే ఆ ఊళ్ళోనే ఎయిర్ రైఫిల్ కొంటాడు. పీసీపీ. సిలిండర్లో ముందే గాలి కుక్కి పెట్టుకునే రకం. మందుగుండు ఉండదు, పొగ ఉండదు."

"టార్గెట్?"

"పొరుగుదేశం రాయబారి. ఆదివారం మధ్యాహ్నం టౌన్ హాల్లో శాంతి ఒప్పందం మీద సంతకం పెడతాడు. పెట్టకముందే ఆయన్ని లేపెయ్యాలని ప్లాను. వెనకుండి నడిపిస్తున్నదెవరో దర్జీ ఒక్కడికే తెలుసు. అందుకని వాడు నాకు ప్రాణాలతో కావాలి. వినబడిందా?"

"వినబడింది సార్."

"ఒప్పుకున్నావా?"

"వినబడింది సార్."

చీఫ్ నిట్టూర్చి ఒక ఫొటో ముందుకు తోశాడు. నల్ల కళ్ళజోడు, ఎర్రటి లిప్‌స్టిక్, చూపు తిప్పుకోనివ్వని ముఖం. "మేడమ్ అంటారు. వాడి పార్ట్‌నర్. మీ అన్న పోయిన రోజు అదే బెంచీ మీద కూర్చుని, వాడు కాల్చబోయే ముందు లేచి వెళ్ళింది."

తమ్ముడు ఆ ముఖాన్ని కళ్ళతోనే కాల్చేశాడు.

ఊళ్ళో పీసీపీలు అమ్మే షాపు ఒక్కటే. మర్నాటి నుంచి అందులో నెరిసిన గడ్డంతో, దళసరి కళ్ళద్దాలతో, కాస్త కుంటుతూ కొత్త సేల్స్‌మన్ కనిపించాడు. కౌంటరు మీద సిద్ధంగా ఉన్న రైఫిల్ మడమలో డిపార్ట్‌మెంటు వాళ్ళు ట్రాన్స్‌మిటర్ దాచారు. దాన్ని అంటగడితే చాలు, దర్జీ ఎక్కడ నక్కినా తెలిసిపోతుంది. షాపులోనే పట్టుకుంటే వాడి మీద ఆధారమేమీ ఉండదు.

శుక్రవారం ఇద్దరూ వచ్చారు, భార్యాభర్తల్లాగా. దర్జీ ఇస్త్రీ మడత నలగని చొక్కా తొడుక్కున్నాడు. గొంతు మెత్తగా, బళ్ళో మాస్టారి గొంతులా ఉంది.

"మా గోడౌన్లో ఎలకలు ఎక్కువైపోయాయి బాబూ."

"ఇది తీసుకోండి సార్," తమ్ముడు సిద్ధం చేసిన రైఫిల్ అందించాడు. "పొడవు బారెల్. రెగ్యులేటరుంది. సిలిండర్లో గాలి తగ్గుతున్నా చాలా దెబ్బల దాకా వేగం మారదు. రెగ్యులేటరు లేనివాటిలో వేగం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది, గురి పైకీ కిందికీ పోతుంది."

"రెగ్యులేటరు ఉండాల్సిందే. పొడవే వద్దు." దర్జీ గోడ మీదికి వేలు చూపించాడు. "ఆ బుల్‌పప్ ఇవ్వు."

మెకానిజమంతా ట్రిగ్గరు వెనక్కి, భుజం దగ్గరికి జరిపేసిన పొట్టి రైఫిల్ అది. అందులో ఏ ట్రాన్స్‌మిటరూ లేదు. అయినా తమ్ముడు దాన్ని కిందికి దించాడు.

"పాయింట్ టూ టూ సైజుది ఇమ్మంటారా? పెల్లెట్ బరువుగా ఉంటుంది. గాలికి అంతగా పక్కకి పోదు."

"సన్న పెల్లెట్‌ది, వన్ సెవెన్ సెవెన్ చాలు. గాలితో పనిలేదు. స్కోపు కూడా దగ్గరవాటికి ఫోకస్ అయ్యేదివ్వు."

"ఏవండీ," మేడమ్ గోముగా అంది, "గాలి నింపడానికి ట్యాంకు కొనండి. ఆ చేతిపంపు కొట్టి కొట్టి నా భుజాలు పడిపోతాయి."

"ట్యాంకు మోసుకుని ఆ మెట్లెవరు ఎక్కుతారు? అక్కడ నిటారుగా నిలబడ్డానికే చోటుండదు." అని, దర్జీ నవ్వాడు. "మా గోడౌన్ సంగతిలే."

చేతిపంపే కొన్నాడు. షాపు వెనక రేంజిలో కాల్చి చూశాడు. పెల్లెట్లన్నీ ఒకే చిల్లులోంచి వెళ్ళాయి.

"ఇదే మోడల్ పోయినసారి వాడాను," అన్నాడు తృప్తిగా. "పార్కులో ఒక కాకిని కొట్టా. రెక్క కూడా ఆడించలేదు."

తమ్ముడు పెట్టె చుట్టూ తాడు బిగిస్తున్నాడు. వేలికి ఒరుసుకుని రక్తం చిమ్మింది. "ఒక కాకిని కొడితే మిగతావి ఊరుకోవు సార్."

"అది ఒంటరి కాకిలే."

షాపు బయట కాపు కాసిన మనుషులు మార్కెట్ రద్దీలో ఆ జంటను పోగొట్టుకున్నారు.

ఆదివారం టౌన్ హాలు చుట్టూ ప్రతి మేడ మీదా చీఫ్ మనుషులున్నారు. తమ్ముడు రొప్పుతూ వచ్చాడు.

"సార్, వాడు మేడల మీద లేడు. దూరం నుంచి కాల్చేవాడు పొడవు బారెలూ, బరువు పెల్లెట్టూ తీసుకుంటాడు. వీడికి గాలి వీచదట, దగ్గర స్కోపు చాలట. అంటే హాల్లోపలే. పొట్టి రైఫిల్ కావాలన్నాడంటే ఇరుకు చోటు. ట్యాంకు వద్దన్నాడంటే నిటారు మెట్లు. ఈ హాల్లో ఒకప్పుడు సినిమాలు వేసేవారు కదా?"

చీఫ్ తలెత్తి చూశాడు. బాల్కనీ పైన, చీకట్లో, పాత ప్రొజెక్టరు గది కిటికీ.

తమ్ముడు అప్పటికే మెట్ల మీద ఉన్నాడు. పైన తలుపుకి గడియ వేసి లేదు. ఎందుకు లేదో ఆలోచించే తీరిక అతనికి లేకపోయింది. లోపల దర్జీ మోకాళ్ళ మీద కూర్చుని కిటికీలోంచి గురిపెట్టాడు. మేడమ్ గోడకి ఆనుకుని ఉంది. కింద రాయబారి పెన్ను మూత తీశాడు.

తమ్ముడు ఎగిరి దూకి సిలిండరు పట్టుకుని పైకి లేపాడు. పుస్తకం మూసినంత చప్పుడైంది. పెల్లెట్ వేదిక పైన గోడలో దిగింది. హాల్లో ఒక్కరూ తలెత్తలేదు. రాయబారి సంతకం పెట్టాడు. చప్పట్లు మోగాయి.

ఆ చప్పట్ల మధ్యే తమ్ముడు దర్జీని నేలకేసి కొట్టి, రైఫిల్ లాక్కుని, పక్క లీవరు లాగాడు. మేగజిన్‌లోంచి ఇంకో పెల్లెట్ బారెల్లోకి ఎక్కింది. మూతి దర్జీ చెవి కింద ఆనించాడు.

"వద్దు మరిదీ."

తమ్ముడి వేలు ఆగిపోయింది.

"మీ అన్నా నేనూ రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకున్నాం," అందామె. "ఈ గుంపులో ఉండే డిపార్ట్‌మెంటుకి పని చేశాను. మీ చీఫ్‌కి తెలుసు. ఆ రోజు బెంచీ మీంచి లేవమని వీడు సైగ చేశాడు. ఎందుకో నాకు అర్థమయ్యేలోపే అయిపోయింది. అప్పట్నుంచీ వీడికి వండిపెట్టి, వీడి బట్టలు ఇస్త్రీ చేసి, వీడి పక్కన నవ్వుతూ నడిచాను. పంపినవాడి పేరు కోసం. వీడు ఒంటరిగా వదలక కబురు పంపలేకపోయాను, తలుపు గడియ మాత్రం తీసిపెట్టాను. ఆ పేరు రాకుండా వీడు చచ్చాడంటే నా చాకిరీ అంతా మట్టి కొట్టుకుపోతుంది."

తమ్ముడు రైఫిల్ మూతిని వెంట్రుకవాసి పక్కకి జరిపి కాల్చాడు. చెవి పక్కన చెక్క చిట్లింది.

"వినబడిందా? మా అన్నయ్యకి వినబడలేదు."

మళ్ళీ లీవరు లాగాడు. ఈసారి ఇంకాస్త దగ్గరగా. విషం పూసినవాడికి ఆ విషం సంగతి అందరికన్నా బాగా తెలుసు. మూడో లీవరు చప్పుడుకే దర్జీ పేరు చెప్పాడు. అడక్కపోయినా అడ్రసూ ఫోన్ నంబరూ కూడా చెప్పాడు.

చీఫ్ ఆయాసపడుతూ పైకొచ్చేసరికి దర్జీ చేతులకి బేడీలున్నాయి. "వదిన సంగతి నాకెందుకు చెప్పలేదు?" అని తమ్ముడు అడిగాడు.

"చెబితే ఆవిణ్ణి నువ్వు వదినలా చూసేవాడివి. వాడు పసిగట్టేవాడు."

తమ్ముడి పగ తీరిందా అంటే తీరలేదు. పక్కనే ఇంకొకరు అదే పగని మోస్తున్నారని మాత్రం తెలిసింది. వదిన చేతిలోంచి చేతిపంపు అందుకున్నాడు. పంపు కొట్టీ కొట్టీ ఆమె అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

మెట్లు దిగబోతూ దర్జీ వెనక్కి తిరిగాడు. గడ్డం లేకపోయినా గొంతు గుర్తుపట్టాడు. "షాపులో ఉన్నది నువ్వే కదూ. సేల్స్‌మన్‌గా బాగానే పనికొస్తావు."

"ఒక మాట చెప్పడం మర్చిపోయాను సార్," అన్నాడు తమ్ముడు. "రైఫిల్‌కి గ్యారంటీ ఏడాదే. మీకు మాత్రం యావజ్జీవం."