వాసన పెట్టె, గుప్పెడు నెత్తళ్ళు

ఆకుపచ్చ మీట మీద పడాల్సిన సన్యాసమ్మ బొటనవేలు ఎర్ర మీట మీద పడింది. ఎర్ర మీట నొక్కడం అది నలభై ఒకటో రోజు.

"ఇవాళ కూడా ఏమీ తెలియలేదా అమ్మా?" అంది డాక్టర్ నిఖత్, మాస్కు సర్దుకుంటూ.

"ఏటీ నేదు డాక్టరమ్మా. నాది ముక్కు కాదు, గోడకి కొట్టిన మేకు," అంది సన్యాసమ్మ. అంటూనే పెట్టె గొట్టం వదలకుండా ఇంకో రెండు ఊపిరులు కడుపునిండా లాగింది.

సీతంవలస ఒకప్పుడు పంచదార ఫ్యాక్టరీ ఊరు. చెరుకు గానుగ ఆడే రోజుల్లో ఆ తీపి వాసనకి కాకులకి కూడా షుగరు జబ్బు వచ్చేదని, అత్తాకోడళ్ళు తిట్టుకుందామని నోరు తెరిస్తే తీపి మాటలే వచ్చేవని చెబుతారు. ఫ్యాక్టరీ మూసేసి ఇరవై ఏళ్ళయింది. ఆ వాసన పోయింది, సన్యాసమ్మ మొగుడు పోలయ్యా పోయాడు. ఆయన పాకం గదిలో పని చేసేవాడు. ఇంటికొస్తే చొక్కా నుంచి చెరుకు మడ్డి వాసన, తడిసిన గోనె వాసన, బీడీ వాసన, వీటన్నిటి కింద చెమట వాసన.

ఆ తరవాత ఈ వైరస్ వచ్చింది. పాసింజరు బండి కంటే ముందొచ్చింది (దాని కంటే ఆలస్యంగా వచ్చేది లోకంలో ఏముంది కనక!). మొదటి నెలలో పదకొండు మందిని పట్టుకుపోయింది. మిగిలినవాళ్ళ ముక్కుల్లో కాపరం పెట్టి వాసన శక్తిని మింగేసింది. ఊరి చుట్టూ తాడు కట్టారు. ప్రతి గుమ్మం ముందూ ఆరడుగుల దూరానికో సుద్ద గుండ్రం గీశారు. పదిహేనేళ్ళు ఆశా కార్యకర్తగా తిరిగిన సన్యాసమ్మే ఆ గుండ్రాలన్నీ నడుం వంచి గీసింది.

డాక్టర్ నిఖత్ పరిశోధనలో తేలినదేమిటంటే, వాసన తిరిగొచ్చిన ముక్కులో వైరస్ ఉండదు. పదింట తొమ్మిది ముక్కులు తేరుకుంటే ఊరు తెరవచ్చు. ముక్కులు తేరుకోవడానికే ఈ పెట్టె. కుట్టుమిషను పెట్టంత ఉంటుంది. లోపల తొంభై ఆరు చిన్న సీసాలు, ఒక కంప్యూటర్, ఒక బుల్లి ఫ్యాను. హార్మోనియం మెట్ల మీద రాగం కట్టినట్టు ఆ సీసాలతో ఏ వాసన కావాలంటే ఆ వాసన కడుతుంది. నిమ్మ, లవంగం చూపించి చచ్చుబడిన ముక్కుని లేపడం పాత పద్ధతి. మనసులో పాతుకున్న వాసన చూపిస్తే నరాలు మూడింతలు త్వరగా లేస్తాయని డాక్టరమ్మ కనిపెట్టింది. అందుకే పెట్టె ముందు కూర్చున్న ప్రతివాళ్ళనీ, "మీకు ఇష్టమైన పాత వాసన చెప్పండి," అనడిగింది. ఊరి వాసనల రిజిస్టరు భాగోతం పుస్తకమంత లావైంది. వాసన తెలిస్తే ఆకుపచ్చ మీట, తెలియకపోతే ఎర్ర మీట. ఆకుపచ్చ నొక్కినవాళ్ళకి చికిత్స అయిపోయినట్టే, ఇక పెట్టె వాళ్ళ గడప తొక్కదు.

ఇదే కొంప ముంచింది.

సన్యాసమ్మకి తొమ్మిదో రోజునే వాసన వచ్చింది. మడ్డి, గోనె, బీడీ, వాటి కింద చెమట. ఇరవై ఏళ్ళ కిందట వెళ్ళిపోయిన మనిషి పక్కన చతికిలబడి కూర్చున్నట్టే అయింది. ఆకుపచ్చ నొక్కితే మళ్ళీ వెళ్ళిపోతాడు. ఎలా నొక్కుతుంది?

ఊళ్ళో మిగిలినవాళ్ళ సంగతీ ఆమెకి అనుమానమే. రిటైరైన గవరయ్య మాస్టారు కొత్త వాచకాల వాసన అడిగాడు. జూన్ నెల, తడి గొడుగులు, సుద్దముక్క పొడి. పెట్టె వచ్చే వేళకి ఆయన తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కూర్చుంటాడు. వాసన రాని మనిషికి ఇస్త్రీ చొక్కా దేనికి?

"మాస్టారూ, నిజం సెప్పు. నీకు వొచ్చేసింది కదా?" అని ఒకరోజు గుండ్రంలోంచి అడిగింది.

"నీకు వచ్చిందా సన్యాసమ్మా?"

"నాకు నేదు."

"నీకు రానిది నాకెలా వస్తుంది?" అన్నాడాయన, ఆకాశంలో లేని విమానాన్ని చూస్తూ.

ఆ నలభై ఒకటో రోజు డాక్టరమ్మ పెట్టె మూత వేసి అక్కడే అరుగు మీద కూలబడింది. ఆమె కళ్ళ కింద చారలు చూస్తే ఆరు నెలలుగా నిద్ర అనే మాటే విననట్టుంది.

"మంగళవారం నా రిపోర్టు వెళ్ళాలమ్మా. మీ ఊళ్ళో ముక్కులేవీ తేరుకోలేదంటే, ఈ వైరస్ ముక్కు వదలదనే రాయాలి. జిల్లాలో ఊళ్ళన్నీ ఇంకో ఏడాది మూసేస్తారు."

"ఏడాదే!"

"ఉన్నవి నలభై పెట్టెలు. అన్నీ ఇక్కడే ఇరుక్కుపోయాయి. కొండ మీద గూడెంలో ఒకావిడ, జమ్మే అని ఆవిడ పేరు, పెట్టె కోసం రెండు నెలల్నుంచి చూస్తోంది. మొన్న ఇంట్లో గ్యాస్ లీకైంది. వాసన తెలియక అగ్గిపుల్ల గీసింది. చేతులు రెండూ మోచేతుల దాకా కాలిపోయాయి. నిన్న చూసొచ్చాను. పెట్టె ఎప్పుడొస్తుందమ్మా అని అడిగింది. నన్ను ఒక్క మాట తిట్టలేదు."

ఆ రాత్రి సన్యాసమ్మ అన్నం తినలేదు. తన ఒక్కదాని ఆకుపచ్చ మీటతో ఊరు తెరుచుకోదు. నీకు రానిది నాకెలా వస్తుందని మూడొందల ముక్కులు ఒట్టు వేస్తాయి. ముక్కుల చేత నిజం చెప్పించాలంటే వాటి యజమానులని అడక్కూడదు.

మర్నాడు కార్తీక సోమవారం. ఊరు ఊరంతా ఉపవాసం. ఆ నెలలో సీతంవలస పిల్లులు కూడా పెరుగన్నమే తింటాయి. తలంట్లు పోసుకుని, దీపాలు పెట్టుకుని, జనం భక్తిగా నకనకలాడుతూ కూర్చున్న వేళ, సన్యాసమ్మ పొయ్యి వీధి గుమ్మంలోకి తెచ్చింది. వెనక టేబుల్ ఫ్యాను పెట్టింది. అటక మీది డబ్బా దింపి, ఎండు నెత్తళ్ళు, ఆ వేలెడంత ఎండుచేపలు, మూకుట్లో వేసింది.

చుయ్ మంది.

ఆ వాసన వీధి చివరిదాకా నడవలేదు, పరిగెత్తింది. గొళ్ళెం పెట్టిన తలుపుల్ని తోసుకుని లోపలికెళ్ళి పూజ గదుల్లో మఠం వేసుకుని కూర్చుంది. అరనిమిషంలో మొదటి తలుపు తెరుచుకుంది. ఆ తరవాత అన్నీ.

"ఎవురే అది, కార్తీక సోమారం నెత్తళ్ళు ఏపుతున్నాది?"

"ఒలమ్మ ఒలమ్మా, దీపం పెట్టిన చెయ్యి ఇంకా ఆరలేదు!"

"శివుడు మూడో కన్నే కాదు, ముక్కు కూడా మూసుకుంటాడు!" అని గవరయ్య మాస్టారు ఇస్త్రీ చొక్కాలో ఊగిపోయాడు.

తిట్టడానికి వచ్చినా, పాపం, ఎవరి సుద్ద గుండ్రంలో వాళ్ళే నిలబడి తిట్టారు. డాక్టర్ నిఖత్ రిజిస్టరు పట్టుకుని వీధి మధ్యకి వచ్చింది. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసింది.

"మాస్టారూ, మీకు వాసన ఎప్పట్నుంచి తెలుస్తోంది?"

మాస్టారు చిటపటలాడే మూకుడు వైపు చూశాడు.

"వాసన కాదమ్మా... పొగ కనిపించింది."

"పొగ చూస్తే నెత్తళ్ళని ఎలా తెలిసింది సార్?"

మాస్టారు ఆలస్యంగా ముక్కు మూసుకున్నాడు.

"ముందు నా పేరు రాసుకో డాక్టరమ్మా," అంది సన్యాసమ్మ అట్లకాడ దించకుండానే. "నాకు తొమ్మిదో రోజునే వొచ్చింది. ముప్పై మూడు రోజులు అబద్ధం నొక్కినాను. ఆ జమ్మేకి నా మొకం ఎలా సూపిత్తానో తెలీదు."

మాస్టారు ముక్కు మీంచి చెయ్యి తీసి, "పన్నెండో రోజు," అన్నాడు. తరవాత ఒక్కొక్కరే తలొంచుకుని తారీకులు చెప్పారు. సాయంత్రానికి మూడొందల ముక్కుల్లో రెండొందల ఎనభై ఎనిమిది తేరుకున్నట్టు లెక్క తేలింది. పెట్టెలన్నీ జీపులెక్కాయి, ఒక్కటి తప్ప.

"కూర్చోండమ్మా," అంది డాక్టరమ్మ, ఆ ఒక్కటీ అరుగు మీద పెట్టి. "చివరిసారి. మీటలు నొక్కక్కర్లేదు."

సన్యాసమ్మ కూర్చుని కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చింది. మళ్ళీ పీల్చింది. మడ్డి లేదు. గోనె లేదు. జుట్టు నిండా, చీర నిండా, అరచేతుల నిండా నెత్తళ్ళే.

"ఈసారి ఎర్ర మీటే డాక్టరమ్మా, ఒట్టు," అని నవ్వబోయింది.

నవ్వు సగంలో ఆగింది. పాకం గది డ్యూటీ దిగి, వీధి మలుపులోనే నెత్తళ్ళ వాసన పట్టి, సైకిలు బెల్లు కొడుతూ, ఇంటి దాకా రాకుండానే పోలయ్య పెట్టే కేక గుర్తొచ్చింది. "ఒలే సన్యాసీ, ఇంకో గుప్పెడెయ్యే!" ఆయన పోయాక ఏటా అలవాటుగా కొని డబ్బాలో పోయడమే తప్ప ఆ ఇంట్లో నెత్తళ్ళు వేగలేదు. ఒక్క మనిషికి ఏపుకోవడమేమిటని.

"తీసుకుపో తల్లీ," అంది పెట్టెని చేత్తో నెట్టి. "జమ్మేకి ముందు ఇయ్యి."

ఆ పండగ నెల కాగానే డాక్టర్ నిఖత్ రాసిన మార్గదర్శకాలు రాష్ట్రమంతా వెళ్ళాయి. పన్నెండో పేజీలో ఇలా ఉంది: "వాసన తిరిగొచ్చిందో లేదో రోగి మాట మీద మాత్రమే తేల్చరాదు. స్థానికులు ఏ వాసనకి ఊరుకోలేరో ఆ వాసనతో, చెప్పకుండా పరీక్షించవలెను."

మరుసటి ఏడు కార్తీక సోమవారం నాడు సీతంవలసలో పదిహేడిళ్ళ నుంచి నెత్తళ్ళ వాసన లేచింది. ఇదేమి అనాచారమని కొత్తగా వచ్చిన పూజారి గవరయ్య మాస్టారి తలుపు కొట్టాడు. మాస్టారు ఇస్త్రీ చొక్కాలో, చేతిలో అట్లకాడతో బయటికొచ్చి, "పరీక్షండీ. ప్రభుత్వం వారి ఆర్డరు, పన్నెండో పేజీ," అన్నాడు.

ఎదురింట్లో సన్యాసమ్మ మూకుట్లో నెత్తళ్ళు వేసింది. వీధి మలుపు వైపు ఓసారి చూసి, డబ్బాలో చెయ్యి పెట్టి ఇంకో గుప్పెడు వేసింది.